పోర్ట్‌బ్లెయిర్ గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: ఊరు, వాతావరణం, పాలన

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖ వచ్చి, అక్కడ ఓడెక్కి ఈ అండమాన్ దీవి చేరారు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. బదిలీ మీద ఎవరైనా వస్తున్నా, చుట్టాలు సెలవులకు బయలుదేరుతున్నా నాకు ఫోన్ వస్తుంది. అడిగేవాళ్లు మారతారు గానీ సందేహాలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయలుదేరే ముందు

పోర్ట్‌బ్లెయిర్, శ్రీ విజయ పురం రెండూ ఒకటేనా?

ఒకటే. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో పేరు మార్చింది. పాత పేరు ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే ఈస్టిండియా కంపెనీ నావికాధికారిది. ఆయన ఇక్కడి తీరాన్ని సర్వే చేసి, 1789లో చాథమ్ దీవి మీద మొదటి స్థావరం పెట్టాడు. ఆఫీసు కాగితాల మీద, బోర్డుల మీద కొత్త పేరు వచ్చేసింది. ఆటో డ్రైవర్‌తో, కూరగాయలు అమ్మేవాళ్లతో మాట్లాడేటప్పుడు జనం నోట ఇంకా పాత పేరే. మీరు ఏది చెప్పినా అర్థమవుతుంది. పక్క దీవుల్లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. ఈ మూడూ 2018 డిసెంబర్‌లో మారిన పేర్లు. పడవ టికెట్ల మీద ఇవే కనిపిస్తాయి.

మ్యాపులో చుక్కలా కనిపిస్తుంది. అసలు ఎక్కడుంది, ఎంత దూరం?

బంగాళాఖాతానికి తూర్పు అంచున, ఉత్తరం నుంచి దక్షిణానికి బారుగా పరుచుకున్న దీవుల వరస ఇది. అందులో దక్షిణ అండమాన్ అనే పెద్ద దీవి తూర్పు తీరాన మా ఊరు ఉంది. విశాఖకు సుమారు 1200 కిలోమీటర్లు. మయన్మార్‌లోని యాంగోన్ మాత్రం 700 కిలోమీటర్ల లోపే. అంటే మన దేశపు తీరం కన్నా ఆగ్నేయాసియా తీరమే మాకు దగ్గర.

ఈ దీవులు సముద్రం మధ్య ఊరికే తేలిన మట్టిదిబ్బలు కావు. మయన్మార్‌లోని అరకాన్ కొండలు సముద్రంలో మునిగి, వాటి శిఖరాలు పైకి తేలి దీవులయ్యాయి. అందుకే ఇక్కడ చదునైన నేల తక్కువ, ఎక్కడ చూసినా కొండే. అండమాన్‌లో అన్నిటికన్నా ఎత్తైన శాడిల్ పీక్ 732 మీటర్లు, అది ఉత్తర అండమాన్‌లో ఉంది.

పాస్‌పోర్టు, పర్మిట్ లాంటివి కావాలా?

భారతీయులకు పోర్ట్‌బ్లెయిర్ రావడానికి ఏ పర్మిట్టూ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. గిరిజన రిజర్వు ప్రాంతాల సంగతి వేరు. నికోబార్ దీవులకు వెళ్లాలంటే డిప్యూటీ కమిషనర్ ఆఫీసు ఇచ్చే గిరిజన పాస్ ఉండాలి, అది పర్యాటకులకు ఇవ్వరు.

వైజాగ్ నుంచి ఓడలో రావచ్చా?

రావచ్చు. చెన్నై, కోల్‌కతా ఓడలతో పోలిస్తే విశాఖ ఓడ తక్కువసార్లు నడుస్తుంది, నెలకు ఒకటి అనుకోండి. ప్రయాణం సుమారు 56 గంటలు. సముద్రం బాగోకపోతే ఇంకా పడుతుంది. అన్నిటికన్నా చవక బంక్ క్లాస్, అంటే హాల్లో వరస బెర్తులు. అంతకన్నా ఖరీదైనవి క్యాబిన్లు. ఓడ హాడ్డో రేవులో ఆగుతుంది. ఒక మాట గట్టిగా చెబుతాను: తేదీలు మారుతుంటాయి కాబట్టి, ఓడ దిగిన మర్నాడే ఉద్యోగంలో చేరాలనో పెళ్లికి వెళ్లాలనో ముహూర్తం పెట్టుకోకండి. రెండు మూడు రోజుల వ్యవధి ఉంచుకోండి. తొందర ఉంటే విమానమే మేలు.

ఏ నెలలో వస్తే మంచిది?

చూడటానికి వచ్చేవాళ్లకు జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు. వాన ఉండదు, సముద్రం అద్దంలా ఉంటుంది. ఎండ మన కోస్తా ఎండలా మాడ్చదు. ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత 22 నుంచి 32 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది ఉక్కపోత. గాలిలో తేమ 80 శాతం దాకా ఉంటుంది కాబట్టి నూలు బట్టలు తెచ్చుకోండి.

## దిగిన కొత్తలో

సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుందేమిటి?

గడియారం మాత్రం దేశమంతటితో పాటే నడుస్తుంది, సూర్యుడు ముందే వచ్చి ముందే వెళ్లిపోతాడు. భారత కాలమానం మన కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి లెక్క. మా ఊరు 92.7 డిగ్రీల మీద ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 40 నిమిషాల తేడా వస్తుంది. జూన్‌లో ఉదయం 5 కాకముందే తెల్లవారుతుంది. నవంబర్‌లో సాయంత్రం 5 కాకముందే పొద్దు గుంకుతుంది. వాకింగ్ అయినా, బీచ్ అయినా పొద్దున్నే కానిచ్చుకోండి. మధ్యాహ్నం నాలుగింటికి బయలుదేరి సముద్రస్నానం చేద్దామనుకున్న చుట్టాలు చీకట్లో ఇంటికి తిరిగి రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

ఊరు కొండల మీదా, కొండల మధ్య పల్లాల్లోనూ ఉంది. అబర్డీన్ బజార్ నడిబొడ్డు. బ్యాంకు, బట్టలు, మందులు అన్నీ అక్కడే. ఫీనిక్స్ బే దగ్గర ఇతర దీవులకు పోయే పడవల జెట్టీ ఉంది. హాడ్డో, చాథమ్ వైపు రేవు పనులవాళ్లు, జంగ్లీఘాట్‌లో చేపలరేవు. డైరీఫాం, గరాచర్మ, ప్రోత్రాపూర్ వైపు వెళ్తే అద్దె కొంచెం తగ్గుతుంది. అద్దె మాట్లాడే ముందు రెండు విషయాలు చూడండి. మొదటిది, ఆ వీధికి కొళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఇంటికి ఎంత పెద్ద ట్యాంకు ఉంది. రెండోది, ఇల్లు వాలు మీద ఉంటే వెనక గోడకు వాననీళ్లు పోయే కాలువ ఉందా. అది లేకపోతే జూన్‌లో గదంతా చెమ్మ పట్టి బట్టలకు బూజు వస్తుంది.

తెలుగువాళ్లు ఉంటారా? భాషతో ఇబ్బందా?

ఇబ్బందే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 50 వేల పైచిలుకు, అంటే జనాభాలో 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత మనదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చేపలవేట మీద వచ్చిన కుటుంబాలూ చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ వైపు నడిస్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. తెలుగు మాధ్యమం ఉన్న ప్రభుత్వ పాఠశాలలూ ఉన్నాయి. ఇన్ని భాషలవాళ్లు కలిసి మాట్లాడుకునేది హిందీ. కొత్తవాళ్లు కూడా మూడు నెలల్లో పట్టేస్తారు, అందులో లింగభేదం తప్పినా ఎవరూ నవ్వరు.

చుట్టూ సముద్రం, ఏడెనిమిది నెలలు వాన. మరి కొళాయిలో నీళ్లు ఎందుకు రావు?

అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, విశాఖలో పడేదానికి దాదాపు మూడింతలు. కానీ పడిన వాన నిలవదు. దీవి సన్నగా ఉంటుంది, కొండలు నిటారుగా ఉంటాయి, వాగులు పొట్టివి. కొండ మీద పడిన చినుకు కాసేపట్లో సముద్రంలో కలిసిపోతుంది. నేల కింద ఇసుకరాయి, బంకమట్టిరాయి పొరలు. వాటిలో నీరు పెద్దగా ఇంకదు, కాబట్టి మన పల్లెల్లోలా బోరు వేసి బతికేద్దామంటే కుదరదు.

ఊరికి ప్రధాన ఆధారం ధనీఖారి ఆనకట్ట. దాన్ని నింపేది వానే. జనవరి నుంచి మే దాకా వాన రాదు, జలాశయం రోజురోజుకీ దిగుతుంది. ఊరు పెరిగింది, హోటళ్లు పెరిగాయి. ఎండాకాలంలో వంతులవారీగా నీళ్లు వదులుతారు. రెండు మూడు రోజులకొకసారి రావడం మామూలే. రుతుపవనం ఆలస్యమైన ఏడాది అంతకన్నా కష్టం.

ఆనకట్ట, పెద్ద పైపులు ప్రజాపనుల శాఖవి. ఊళ్లో వీధులకు పంచేది మున్సిపల్ కౌన్సిల్. నీళ్లు రాకపోతే మొదట మీ వార్డు కౌన్సిలర్‌కి, మున్సిపల్ నీటి విభాగానికి చెప్పండి. ఇక సొంతంగా చేయగలిగింది ఒకటుంది, దయచేసి చేయండి: రేకుల కప్పు అంచున గొట్టం పెట్టి వాననీటిని ట్యాంకులోకి మళ్లించండి. మా ఇంట్లో నవంబర్, డిసెంబర్ వానలు పట్టి పెట్టుకుంటే ఫిబ్రవరి దాకా బట్టలకూ గిన్నెలకూ వెతుక్కోనక్కర్లేదు. ఇన్ని వానలు పడే ఊళ్లో బిందె పట్టుకుని నిలబడాల్సిన అవసరం ఏ ఇంటికీ ఉండకూడదని నేను మనసారా నమ్ముతాను.

కరెంటు, ఇంటర్నెట్ ఎలా ఉంటాయి?

దేశపు గ్రిడ్‌తో మాకు తీగ లేదు. ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లతో తయారవుతుంది. ఆ డీజిల్ ఓడలో రావాలి. సోలార్ ప్లాంట్లు కొన్ని వచ్చాయి. కోతలు ఉంటాయి, ఇన్వర్టర్ పెట్టుకోండి. ఇంటర్నెట్ మాత్రం 2020 ఆగస్టులో పూర్తిగా మారిపోయింది. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు, ఫొటో ఒకటి పంపాలంటే ఓపిక పట్టాల్సి వచ్చేది.

కూరగాయలు అంత ఖరీదేమిటి?

ఉల్లి, బంగాళాదుంప, పప్పు, బియ్యం అన్నీ ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే బజారులో ధర లేస్తుంది. ఆకుకూరలు, బెండ, వంకాయ లాంటివి స్థానికంగా పండుతాయి, నీల్ దీవి నుంచి ఎక్కువగా వస్తాయి. చేప, కొబ్బరి మాత్రం తాజాగా దొరుకుతాయి.

## వాన, గాలి, భూమి

రుతుపవనం మీకు కేరళ కన్నా ముందే వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. మే మూడో వారంలో నైరుతి రుతుపవనం అండమాన్ సముద్రాన్ని తాకుతుంది, కేరళకు జూన్ 1 ప్రాంతంలో చేరుతుంది. టీవీలో "అండమాన్‌ను తాకిన రుతుపవనాలు" అని వినిపిస్తే మన రైతు దుక్కి గురించి ఆలోచన మొదలుపెడతాడు. ఇక్కడ మాత్రం గొడుగు తీసే రోజు అదే. మే నుంచి సెప్టెంబర్, అక్టోబర్ దాకా నైరుతి వానలు, తరవాత నవంబర్, డిసెంబర్‌లలో ఈశాన్య రుతుపవనం వాన. రెండు రుతుపవనాలూ తడిపే ఊరు మాది. వాన రోజంతా కురవదు. గంటసేపు కొండ కూలినట్టు కురిసి, వెంటనే ఎండ కాస్తుంది. రేకుల ఇంట్లో ఆ గంటసేపు పక్కవాడి మాట కూడా వినబడదు.

మన కోస్తాకు వచ్చే తుఫాన్లు అక్కడే పుడతాయి కదా, మీకు నష్టం ఎక్కువా?

పుట్టేది ఇక్కడే, బలపడేది మీ దారిలో. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలైంది. 8వ తేదీన మా దీవుల మీదుగా దాటింది, 12న విశాఖను ఎలా దెబ్బతీసిందో మీకే తెలుసు. 2013 నవంబర్‌లో లెహర్ పోర్ట్‌బ్లెయిర్ దగ్గరే దాటింది. చెట్లు కూలాయి, రేకులు లేచిపోయాయి. తరవాత ఆంధ్ర తీరం చేరేలోపే అది బలహీనపడింది. తుఫాను పసికందుగా ఉన్నప్పుడు మా మీదుగా పోతుంది కాబట్టి గాలి కన్నా పడవలు ఆగిపోవడమే మాకు పెద్ద కష్టం. 2016 డిసెంబర్‌లో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలమంది పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం, తీరరక్షక దళం ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వచ్చేవాళ్లు తిరుగు విమానానికి ముందురోజు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి.

భూకంపం వస్తే ఏం చేయాలి? సునామీ మళ్లీ వస్తుందా?

దేశంలో భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఈ దీవులున్నాయి. సముద్రం అడుగున భారత ఫలకం (భూమి పైపొరలోని పెద్ద పలక) పక్క ఫలకం కిందికి దూరుతుండటమే కారణం. చిన్న కదలికలు మాకు అలవాటే.

2004 డిసెంబర్ 26 వేరు. ఉదయం ఆరున్నర వేళ ఊరంతా ఊగింది, కాసేపటికి సముద్రం వచ్చింది. అలలు వెనక్కి పోయాయి గానీ నేల తిరిగి రాలేదు. దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కిందికి కుంగిపోయింది. సిప్పీఘాట్ వైపు వెళ్తే ఒకప్పుడు వరి పండిన పొలాల్లో ఇప్పుడు ఆటుపోట్ల నీళ్లు కనిపిస్తాయి. ఉత్తర అండమాన్‌లో తీరం పైకి లేచి పగడాలు గాలిలోకి తేలాయి. ఒకే దీవుల వరసలో ఒక కొస మునిగితే ఇంకో కొస తేలింది.

భూమి బాగా ఊగి, నిలబడటం కష్టమైతే హెచ్చరిక కోసం ఎదురుచూడకండి, తీరం వదిలి కొండ పైకి నడవండి. మా ఊళ్లో ఎత్తు ఎప్పుడూ నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. దేశానికంతటికీ సునామీ హెచ్చరిక ఇచ్చే కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో పనిచేస్తోంది. సముద్రమే లేని ఊరి నుంచి మాకు సముద్రం కబురు వస్తుంది.

అగ్నిపర్వతం ఉందటగా, ప్రమాదమా?

బారెన్ దీవి. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. అక్కడ మనుషులు ఉండరు, ఊరికి భయం లేదు.

## ఆఫీసు పనులు

మీ ఎమ్మెల్యే ఎవరండీ? సీఎం ఎవరు?

ఇద్దరూ లేరు. అండమాన్ నికోబార్ అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతం. పైన లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన కింద చీఫ్ సెక్రటరీ, శాఖల అధికారులు. ఈ మొత్తాన్ని మేం "అడ్మినిస్ట్రేషన్" అంటాం. చట్టసభ లేదు కాబట్టి పార్లమెంటు చట్టాలతో పాటు, రాజ్యాంగం 240వ అధికరణం కింద రాష్ట్రపతి ఇచ్చే రెగ్యులేషన్లే మాకు చట్టాలు. లోక్‌సభకు ఒక్క ఎంపీ. ఎమ్మెల్యే లేకపోవడం వల్ల వార్డు కౌన్సిలరే జనానికి చేతికందే నాయకుడు. కాలువ పూడిక దగ్గర్నుంచి ఆసుపత్రి సిఫారసు దాకా ఆయన ఇంటి గుమ్మం దగ్గరే మాట్లాడతారు.

మున్సిపాలిటీ ఎప్పటిది, ఎలా నడుస్తుంది?

1957లో మున్సిపల్ బోర్డుగా మొదలైంది. ఇప్పటి కౌన్సిల్ 1994 నాటి మున్సిపల్ రెగ్యులేషన్ కింద నడుస్తోంది. ఈ దీవులన్నిటికీ ఇదొక్కటే మున్సిపాలిటీ. ఒకప్పుడు 18 వార్డులు. చుట్టుపక్కల ప్రాంతాలు కలిశాక 24 అయ్యాయి. 2011 నాటికే జనాభా లక్ష దాటింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, గెలిచిన కౌన్సిలర్లే తమలో ఒకరిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. 2022 మార్చి ఎన్నికల్లో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలిచింది. 2023 మార్చిలో ఆ పార్టీ కౌన్సిలర్ ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో చైర్‌పర్సన్ అయ్యారు. ఆ వార్త విని ఆంధ్రలోని చుట్టాలు ఆశ్చర్యపోయారు. మాకు ఆశ్చర్యం కలగలేదు, ఇక్కడ తెలుగు ఓటు ఎంతుందో మాకు తెలుసు.

ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాలి?

ఊళ్లో పుట్టిన, చనిపోయినవారి నమోదు, ఇంటిపన్ను, దుకాణం లైసెన్సు, ఇంటి ప్లాను అనుమతి, చెత్త, వీధి దీపాలు, వీధి కాలువలు, మార్కెట్లు మున్సిపాలిటీవి. కరెంటు బిల్లుకు విద్యుత్ శాఖ. భూమి కాగితాలకు తహసీల్దార్, ఆపైన దక్షిణ అండమాన్ డిప్యూటీ కమిషనర్. మన దగ్గర కలెక్టర్ ఎలాగో ఇక్కడ డిప్యూటీ కమిషనర్ అలాగ. జీబీ పంత్ ఆసుపత్రి, బడులు, పోలీసు, దీవుల మధ్య పడవలు అడ్మినిస్ట్రేషన్‌వి. రోడ్డు గుంత దగ్గరే తికమక. ప్రధాన రోడ్లు కొన్ని ప్రజాపనుల శాఖవి, లోపలి వీధులు మున్సిపాలిటీవి. ఫిర్యాదు రాసేటప్పుడు రెండు చోట్లా ఒక్కో కాపీ ఇవ్వండి.

మేముండేది మున్సిపాలిటీలోనా, పంచాయతీలోనా? తేడా ఏమిటి?

ఊరి అంచున ఒక వీధికి అటు కౌన్సిలర్, ఇటు పంచాయతీ ప్రధాన్ ఉండొచ్చు. ప్రధాన్ అంటే మన సర్పంచ్. జలసంధికి అవతల, చాథమ్ నుంచి పడవలో పది నిమిషాల్లో చేరే బంబూఫ్లాట్ కూడా మున్సిపాలిటీలో లేదు. మీ ఇంటి ఓనర్‌ను ఇంటిపన్ను రసీదు అడిగి చూడండి, దాని మీద వార్డు నంబరు ఉంటే మున్సిపాలిటీ. బిడ్డ పుట్టినప్పుడు, దుకాణం పెట్టేటప్పుడు ఈ తేడా తెలియక రెండు ఆఫీసుల మధ్య తిరిగేవాళ్లు చాలామంది.

కోర్టు వ్యవహారమైతే?

ఈ దీవులు కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తాయి. దాని సర్క్యూట్ బెంచ్ ఇక్కడే కూర్చుంటుంది, కాబట్టి ప్రతిదానికీ కోల్‌కతా పరుగెత్తక్కర్లేదు.

## ఉండిపోవాలనుకుంటే

స్థలం కొనుక్కోవచ్చా?

తొందరపడకండి. 1966 నాటి భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం దీవుల్లోని భూమి అంతా కేంద్ర ప్రభుత్వానిది. మనుషులకు ఉండేది దాని మీద సాగు, నివాస హక్కులు. అమ్మేవారి హక్కు ఏ రకందో తహసీల్దార్ రికార్డులో చూడాలి. సాగుభూమిని ఇంటిస్థలంగా మార్చారా లేదా, డిప్యూటీ కమిషనర్ అనుమతి ఉందా అన్నది కాగితంలోనే చూడండి, మాట మీద నమ్మకండి. సముద్రానికి దగ్గరైతే తీరప్రాంత నిబంధనలు కూడా అడ్డొస్తాయి.

ఐలాండర్ కార్డు అంటే?

దీవివాసి అని గుర్తించే కార్డు. దీర్ఘకాలం ఇక్కడ ఉన్నవాళ్లకు డిప్యూటీ కమిషనర్ ఆఫీసు ఇస్తుంది. ఓడ, పడవ టికెట్లలో మంచి రాయితీ వస్తుంది. నిన్న మొన్న వచ్చినవాళ్లకు ఇవ్వరు.

బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో జారవాలు కనిపిస్తారట, పిల్లలకు చూపించొచ్చా?

వద్దు. జారవాలు అడవిలో బతికే ఆదిమ తెగవాళ్లు, అది వాళ్ల ఇల్లు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద ఆ అడవి రిజర్వు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నీ ఒక వరసలో పెట్టి పోలీసులు వెంట ఉండి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి విసరకూడదు. తప్పితే కేసు అవుతుంది. మనం దగ్గితే వచ్చే జబ్బు వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. 1999లో జారవాల్లో తట్టు వ్యాపించి ఆసుపత్రులు నిండాయి. అద్దాలు ఎత్తుకుని, పిల్లలకు సంగతి ముందే చెప్పి, ఆ దారి దాటేయండి. అవతల సున్నపురాయి గుహలు, మడ అడవులు ఉన్నాయి. వాటిని తీరిగ్గా చూపించండి.